కార్బన్–కార్బన్ ఫలకం, గ్రాఫైట్ చట్రం: 1600 డిగ్రీల పరీక్షలో బోల్టు రంధ్రం ఎందుకు పగిలింది?

మీరు వివరించిన పరిస్థితిని ముందుగా నా మాటల్లో చెప్పుకొని, ఆ తరువాత జవాబులోకి వెళతాను. 300 మి.మీ. పొడవు, 200 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. మందం గల రెండు దిశల నేత కార్బన్–కార్బన్ (కార్బన్ పోగుల నేతను కార్బన్‌తోనే గట్టిపరచిన పదార్థం) ఫలకాన్ని 25 మి.మీ. మందం గల గ్రాఫైట్ చట్రం మీద ఆరు కార్బన్–కార్బన్ బోల్టులతో బిగించి, ఆర్గాన్ నింపిన గదిలో గ్రాఫైట్ హీటర్లతో 1600 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి చేస్తున్నారు. మొదటి మూడు పరీక్షలు సజావుగా సాగాయి. నాలుగోసారి చల్లారాక గది తెరిస్తే బోల్టులు చేతితో తిరిగేంత వదులయ్యాయి, చట్రం లోపలి మూల దగ్గరున్న రంధ్రం నుంచి పగులు బయలుదేరింది, ఫలకం మాత్రం చెక్కుచెదరలేదు. ఇంకా గట్టి రకం గ్రాఫైట్ కొనాలా, బోల్టులను ఇంకా బిగించాలా అని అడిగారు. రెండూ వద్దు. రెండోది చేస్తే తరువాతి పరీక్షలో చట్రంతో పాటు ఫలకం కూడా పోయే అవకాశం ఉంది.

కారణం అంకెల్లోనే కనిపిస్తుంది. మీరు వాడిన రకం సమదైశిక (అన్ని దిశల్లో ఒకేలా ఉండే) గ్రాఫైట్ మీటరు పొడవుకు డిగ్రీకి సుమారు 5 మైక్రాన్లు పెరుగుతుంది. కార్బన్–కార్బన్ ఫలకం నేత తలంలో అదే లెక్కన సుమారు 1 మైక్రాన్ మాత్రమే పెరుగుతుంది. మీ చివరి బోల్టుల మధ్య దూరం 260 మి.మీ. గది ఉష్ణోగ్రత నుంచి 1600 డిగ్రీలకు చేరేసరికి చట్రం మీద ఆ దూరం ఫలకం మీది దూరం కంటే 1.6 మి.మీ. ఎక్కువ పెరగాలి. మీరు రంధ్రాల్లో వదిలిన ఖాళీ 0.2 మి.మీ. మిగిలినదంతా బోల్టు కాడ మీద, రంధ్రం అంచు మీద పడింది. గ్రాఫైట్‌కు ఒత్తిడిని ఓర్చుకొనే గుణం కొంత ఉంది కానీ ఉక్కులాగా సాగి సర్దుకొనే గుణం లేదు. అర శాతం లోపు వికృతికే (సాగుదలకే) అది విరుగుతుంది.

బోల్టు పొడవునా జరిగేది ఇంకా గమనించదగినది, ఎందుకంటే దాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. బోల్టు కాడ పొడవునా పోగులు ఉంటాయి కనుక అది కూడా మీటరుకు డిగ్రీకి 1 మైక్రాన్ చొప్పునే పెరుగుతుంది. దాని పట్టులో ఉన్న 25 మి.మీ. గ్రాఫైట్, మందం దిశలో ఫలకం, రెండూ అంతకు నాలుగైదు రెట్లు పెరుగుతాయి. అంటే వేడెక్కిన కొద్దీ బోల్టు దానంతట అదే బిగుస్తుంది. 29 మి.మీ. పట్టుకు వచ్చే తేడా సుమారు 0.18 మి.మీ., అంటే 0.6 శాతం సాగుదల. ఇంత సాగుదలను కార్బన్–కార్బన్ బోల్టు భరించడం కష్టం కనుక ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి లొంగాలి. సాధారణంగా మర పళ్లు కొద్దిగా నలుగుతాయి, నట్టు కింద గ్రాఫైట్ ఉపరితలం కొద్దిగా కుంగుతుంది. చల్లారినప్పుడు ఆ నలిగినంత మేర బోల్టు వదులవుతుంది. మీరు చూసిన వదులు బోల్టులకు మూలం ఇదే. అవి వేడిలో వదులు కాలేదు, వేడిలో అతిగా బిగుసుకొని చల్లారాక వదులయ్యాయి. ఈ రెండు ప్రభావాలూ విడివిడిగా ఉన్నవి కూడా కావు. చట్రం జారవలసిన సమయానికే బోల్టు బిగుసుకొని దాన్ని జారనివ్వదు. నష్టం మొదటి పరీక్షలోనే మొదలై ఉంటుంది. కంటికి కనిపించడానికి నాలుగు పరీక్షలు పట్టింది.

రెండూ కార్బనే కదా, కలిసి పెరుగుతాయి కదా అన్న ఊహ నుంచి ఇలాంటి కూర్పులు పుడతాయి. నేను కూడా మొదట్లో అలాగే అనుకున్నాను. నిజానికి గ్రాఫైట్ అన్నది ఒక పదార్థం పేరు కంటే ఒక కుటుంబం పేరు అనడం సబబు. అన్ని వైపుల నుంచి సమానంగా ఒత్తి చేసిన సన్నరేణువుల గ్రాఫైట్ అన్ని దిశల్లోనూ దాదాపు ఒకేలా ప్రవర్తిస్తుంది. అచ్చులోంచి నెట్టి తీసిన దిమ్మెలో నెట్టిన దిశకూ దానికి అడ్డదిశకూ తేడా ఉంటుంది. వాయువు నుంచి పొరపొరగా పేరిన పైరోలిటిక్ గ్రాఫైట్ తన తలంలో వేడిని మందం దిశలో కంటే వంద రెట్లకు పైగా బాగా ప్రసరింపజేస్తుంది, మందం దిశలో మాత్రం లోహాల స్థాయిలో వ్యాకోచిస్తుంది. వీటిలో ఏ రెంటినైనా పక్కపక్కన బిగిస్తే, రెండు వేర్వేరు లోహాలను బిగించినప్పుడు తీసుకొనే జాగ్రత్తలన్నీ తీసుకోవలసిందే.

కార్బన్–కార్బన్‌లో ఈ తేడాలు తయారీ నుంచే వస్తాయి. పోగుల నేతకు ఫినాలిక్ రెసిన్ గానీ పిచ్ (తారు వంటి పదార్థం) గానీ పట్టించి, జడవాయువులో సుమారు 1000 డిగ్రీల వద్ద బొగ్గుగా మారుస్తారు. ఫినాలిక్ రెసిన్ అయితే ఆ దశలో దాని బరువులో దాదాపు సగం ఆవిరై వెళ్లిపోతుంది, ఆ మేరకు రంధ్రాలు మిగులుతాయి. వాటిని మళ్లీ రెసిన్‌తో నింపి మళ్లీ కాల్చడం, లేదా మీథేన్ వంటి వాయువును వేడి నేతలోకి పంపి లోపలే కార్బన్ పేరనివ్వడం, ఇలా సాంద్రత కావలసినంత పెరిగేవరకు పలుమార్లు చేసి, చివరగా 2000 డిగ్రీలు దాటిన వేడిలో ఉంచుతారు. ఈ చివరి వేడి ఎంత అన్నది మీ సరఫరాదారుణ్ణి తప్పక అడగండి. మీ పరీక్ష ఉష్ణోగ్రత కంటే అది తక్కువైతే, తయారీలో ఆగిపోయిన పని మీ పరీక్షలో కొనసాగుతుంది. ఫలకం కుదించుకుపోతుంది, వాయువులు వదులుతుంది, మీరు కొలిచే సంఖ్యల్లో ఏది ఫలకం ప్రవర్తనో ఏది తయారీ శేషమో తేల్చుకోలేరు. ప్రసంగవశాత్తు చెబుతున్నాను: ఈ పదార్థం 1958లో ఛాన్స్ వాట్ సంస్థలో అనుకోకుండా పుట్టింది; ఒక రెసిన్ మిశ్రమంలో పోగు ఎంత ఉందో తేల్చడానికి రెసిన్‌ను కాల్చివేయబోతే, అది ఆక్సిజన్ అందక బొగ్గుగా మారి నిలిచిపోయింది.

పక్కనున్న భాగాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఐరోపా వారి వేగా–సీ రాకెట్ చరిత్ర కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు. 2022 డిసెంబరు 20న జరిగిన దాని రెండో ప్రయోగంలో రెండో దశ జెఫీరో–40 మోటారు పీడనం క్రమంగా పడిపోయి రాకెట్ నష్టపోయింది. నాజిల్ (మండిన వాయువు బయటికి వచ్చే మూతి) గొంతు దగ్గర అమర్చిన కార్బన్–కార్బన్ భాగం అతిగా అరిగిపోయిందనీ, ఆ పదార్థం అంతటా ఒకేలా లేదనీ, దాన్ని స్వీకరించేటప్పుడు పెట్టుకొన్న ప్రమాణాలు ఆ లోపాన్ని పట్టలేకపోయాయనీ విచారణ తేల్చింది. మంచి పదార్థంతో గొంతు భాగాన్ని మార్చి 2023 జూన్ 28న నేల మీద మోటారును మండిస్తే మళ్లీ సమస్య వచ్చింది. ఈసారి గొంతు భాగం చెడలేదు. దాని ఆకృతి, కొత్త పదార్థపు భిన్నమైన ఉష్ణ, యాంత్రిక గుణాలు కలిసి పక్కనున్న నాజిల్ భాగాలను క్రమంగా దెబ్బతీశాయి. దాంతో నాజిల్‌ను మళ్లీ రూపొందించవలసి వచ్చింది, రాకెట్ 2024 డిసెంబరులో గానీ తిరిగి ఎగరలేదు. మీ చట్రం విషయంలోనూ ఇదే వర్తిస్తుంది. గట్టి గ్రాఫైట్ అంటే తరచుగా యంగ్ గుణకం (సాగకుండా నిలిచే బిగువు) ఎక్కువైన గ్రాఫైట్, చాలా సందర్భాల్లో వ్యాకోచం కూడా ఎక్కువే. దాన్ని తెచ్చి అదే రంధ్రాలతో అమరిస్తే భారం ఫలకం మీదికి మళ్లుతుంది.

కాబట్టి చట్రానికి రెండు నమూనా చిత్రాలు గీయాలి: ఒకటి గది ఉష్ణోగ్రత వద్ద ఉండే కొలతలతో, మరొకటి 1600 డిగ్రీల వద్ద ఉండే కొలతలతో. నేను రెండో చిత్రాన్నే ముందు గీస్తాను. వేడి స్థితిలో ప్రతి భాగమూ ఒత్తిడి లేకుండా ఎక్కడ ఉండాలో నిర్ణయించి, అక్కడి నుంచి వెనక్కి లెక్కకట్టి చల్లని కొలతలకు వస్తాను. మీ అమరికలో ఫలకం పొడవైన అంచు మధ్యలో ఉన్న ఒక్క బోల్టు దగ్గరే ఫలకాన్ని స్థిరంగా పట్టండి. ఆ బిందువు నుంచి పొడవు దిశలో చివరి బోల్టు దూరం 130 మి.మీ. కనుక అక్కడ తేడా 0.8 మి.మీ.కు తగ్గుతుంది, మూలలో స్థిరపరిస్తే మొత్తం 1.6 మి.మీ.నూ ఒకే చివర భరించాలి. వెడల్పు దిశలో మీ బోల్టుల మధ్య దూరం 160 మి.మీ. కనుక ఎదుటి అంచు దగ్గర తేడా 1 మి.మీ. వస్తుంది. స్థిర బిందువుకు సరిగ్గా ఎదురుగా ఉన్న బోల్టుకు వెడల్పు దిశలో మాత్రమే సాగిన గాడి ఇవ్వండి, అది ఫలకం తిరిగిపోకుండా ఆపుతుంది. మిగిలిన నాలుగింటికి పెద్ద రంధ్రాలు చాలు. గాడులను, పెద్ద రంధ్రాలను ఫలకంలో కాకుండా చట్రంలో చేయండి. మీరు పరీక్షిస్తున్నది ఫలకాన్ని కనుక దాన్ని వీలైనంత తక్కువగా కోయాలి. అలా చేస్తే బోల్టు ఫలకంతో పాటు నిలిచి ఉంటుంది, చట్రం దాన్ని దాటి బయటికి జరుగుతుంది. అంటే రంధ్రంలో అదనపు ఖాళీ బోల్టుకు స్థిర బిందువు వైపున ఉండాలి. దీన్ని తిరగేసి గీసిన చిత్రాలను నేను ఒకటి కంటే ఎక్కువసార్లు చూశాను. లెక్కలో వచ్చిన తేడాకు సగం అదనంగా కలుపుకోండి, ఎందుకంటే చట్రమంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉండదు, వ్యాకోచ గుణకం కూడా ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది.

పెద్ద నిర్మాణాల్లోనూ ఇదే పద్ధతి పాటించారు. అమెరికా స్పేస్ షటిల్ రెక్కల ముందు అంచును ఒకే ముక్కగా చేయలేదు. ఒక్కో రెక్కకు 22 కార్బన్–కార్బన్ ఫలకాలు పెట్టి, ఒక్కో రెండింటి మధ్య టీ ఆకారపు సీల్ (సందును మూసే పట్టీ) అమర్చారు. ఫలకాలు వేటికవి కదలడానికి చోటు, ఆ చోటులోంచి వేడి వాయువు లోపలికి రాకుండా అడ్డు, రెండు పనులూ ఆ సీలే చేసేది. మీ గది జడవాయువుతో నిండినది కనుక మీకు మొదటి పని ఒక్కటే ముఖ్యం, రెండోది చాలా తేలిక.

ఇక బోల్టులు. ముందు అసలు బోల్టులు అవసరమా అని ఆలోచించండి. ఫలకం మీద మీరు యాంత్రిక భారం వేయడం లేదు, వేడి మాత్రమే వేస్తున్నారు. చట్రాన్ని పడుకోబెట్టి, ఫలకాన్ని ఒక మెట్టు మీద దాని బరువుతోనే నిలిపి, పక్కలకు జారకుండా రెండు గ్రాఫైట్ సీలలు పెడితే సరిపోయే పరీక్షలు చాలా ఉన్నాయి. గది నిర్మాణం వల్ల నిలువుగా పెట్టక తప్పకపోతే బోల్టులు వాడండి, కానీ నట్టు కింద, ఫలకానికీ చట్రానికీ మధ్య మెత్తగా వంగే గ్రాఫైట్ రేకు పెట్టండి. ఉబ్బించిన గ్రాఫైట్‌ను ఒత్తి చేసే ఆ రేకు ఏ జిగురూ లేకుండా తన మందంలో గణనీయమైన భాగం మేర నలగగలదు. 0.5 మి.మీ. రేకులు మూడు పెడితే మీ 0.18 మి.మీ. తేడాను అవే మింగుతాయి, జారే తలంగా కూడా పనికొస్తాయి. అయితే నలిగిన రేకు పూర్తిగా తిరిగి లేవదు కనుక ప్రతి పరీక్షకూ కొత్త రేకు వేయాలి.

మీ బోల్టులను పలక నుంచి కోసి చేశారని రాశారు. అలాంటి బోల్టులో నేత పొరలు కాడ పొడవుకు సమాంతరంగా ఉంటాయి కనుక కాడను లాగితే బలం బాగానే ఉంటుంది, మర పళ్లే బలహీనం. బోల్టు చుట్టూ తిరిగి చూస్తే, పొరల ముఖం వైపున్న రెండు పక్కల మర పళ్లు పొరల మధ్య అతుకు బలం మీదే ఆధారపడి ఉంటాయి. రెండు దిశల నేతలో ఆ బలం 10 నుంచి 20 మెగాపాస్కల్ మించదు. కనుక మర పళ్లు ముతకగా, అడుగున గుండ్రంగా ఉండాలి, నట్టు పట్టు కాడ వ్యాసానికి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి. సన్నని మరలు చూడటానికి బాగుంటాయి, ఒకసారి వేడెక్కాక పొడిగా రాలిపోతాయి.

అమరికకు మళ్లీ మళ్లీ భారం కూడా ఇవ్వవలసి వస్తే శంకువు తల గల బోల్టు గురించి ఆలోచించవచ్చు. ఇందులోని జ్యామితి అందమైనది. ఒక వస్తువు అన్ని దిశల్లో ఒకే నిష్పత్తిలో పెరిగితే, ఒక బిందువు నుంచి బయలుదేరిన ప్రతి సరళరేఖా అదే కోణంలో అలాగే ఉంటుంది. బోల్టు తల శంకువూ, ఎదుటి నట్టు శంకువూ, వాటి గుంటలూ అన్నీ ఒకే శిఖర బిందువును పంచుకొనేలా చేస్తే, బోల్టు ఎంత పెరిగినా, పలక ఎంత పెరిగినా, ఆ ఉపరితలాలు ఒకదాని మీద ఒకటి జారుతాయే గానీ బిగుసుకోవు, వదులూ కావు. కానీ ఇది అన్ని దిశల్లో ఒకేలా పెరిగే పదార్థానికే సరిగ్గా వర్తిస్తుంది. మీ ఫలకం తలంలో 1 చొప్పున, మందంలో అంతకు అనేక రెట్లు పెరుగుతుంది కనుక దానిలోని తిన్నని శంకువు వేడిలో తన కోణాన్ని మార్చుకుంటుంది. అందువల్ల మందమైన గ్రాఫైట్ వైపు శంకువు, పలుచని ఫలకం వైపు చదును తల, వాటి మధ్య రేకు అన్న రాజీ మీకు సరిపోతుంది.

పగులు సరిగ్గా లోపలి మూల దగ్గరే ఎందుకు వచ్చిందన్న దానికి బోల్టుతో పాటు ఇంకో కారణం ఉంది. గ్రాఫైట్ బలం ఉష్ణోగ్రతతో పాటు పెరుగుతుంది. సుమారు 2500 డిగ్రీల వరకు పెరుగుతూనే ఉంటుంది. కనుక స్థిరంగా 1600 వద్ద ఉన్నంతసేపు మీ చట్రం గది ఉష్ణోగ్రతలో కంటే బలంగానే ఉంది. ప్రమాదం దారిలో ఉంటుంది. హీటర్లు ఆపిన క్షణంలో 1600 డిగ్రీల ఉపరితలం చదరపు సెంటీమీటరుకు సుమారు 60 వాట్ల వేడిని వెదజల్లుతుంది. దాని ఎదుట చల్లని నీటి గోడ ఉంటే 4 మి.మీ. ఫలకం సెకనుకు 40 డిగ్రీలకు పైగా చల్లారగలదు, 25 మి.మీ. చట్రం ఆరేడు డిగ్రీలు మాత్రమే. ఇన్సులేషన్ ఉంటే ఈ వేగాలు బాగా తగ్గుతాయి, కానీ నిష్పత్తి అలాగే ఉంటుంది. చట్రం లోపల కూడా హీటరు చూసే అంచుకూ, పట్టు బిగించిన చల్లని అంచుకూ మధ్య తేడా ఏర్పడుతుంది. ఆ తేడా 200 డిగ్రీలు అనుకుందాం. యంగ్ గుణకం 11 గిగాపాస్కల్, వ్యాకోచం 5 మైక్రాన్లు తీసుకొంటే 11 మెగాపాస్కల్ ప్రతిబలం (పదార్థం లోపలి ఒత్తిడి) వస్తుంది. ఇదే లెక్కన ఉక్కులో ఐదారు వందలు వచ్చేది. వేడి దెబ్బను గ్రాఫైట్ తట్టుకోగలదన్న పేరు అందుకే వచ్చింది. కానీ మీ మూల వంపు లేకుండా కోసుగా ఉంది, పక్కనే రంధ్రం ఉంది. అక్కడ ప్రతిబలం మూడింతలైతే 33 మెగాపాస్కల్. చాలా రకాల గ్రాఫైట్‌కు తన్యబలం (లాగితే తట్టుకొనే బలం) 25 నుంచి 60 మధ్యనే ఉంటుంది.

ఆ బలం అంకె విషయంలోనూ ఒక హెచ్చరిక అవసరం. సరఫరాదారు పత్రంలోని అంకె చిన్న కడ్డీని వంచి విరిచినప్పుడు వచ్చినది. పెళుసు పదార్థంలో విరగడాన్ని నిర్ణయించేది దానిలోని అతిపెద్ద లోపం కనుక, ఘనపరిమాణం పెరిగిన కొద్దీ పెద్ద లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. వైబుల్ గుణకం (బలం ముక్క ముక్కకూ ఎంత మారుతుందో చెప్పే అంకె) 10 అనుకొంటే, కడ్డీ కంటే వెయ్యి రెట్లు పెద్ద భాగానికి బలం సగానికి పడిపోతుంది. పైగా వంపు బలం ఎప్పుడూ తన్యబలం కంటే ఎక్కువ కనిపిస్తుంది. కాబట్టి పత్రంలో 60 అని ఉంటే నేను 20కి మించి వాడను. లోపలి మూలలకు కనీసం 6 మి.మీ. వంపు ఇవ్వండి, రంధ్రాన్ని మూల నుంచి దూరం జరపండి, చల్లార్చేటప్పుడు హీటరును ఒక్కసారిగా ఆపకుండా 1000 డిగ్రీల వరకు నిమిషానికి 10 నుంచి 20 డిగ్రీల చొప్పున దించండి. పరీక్ష ఉద్దేశమే వేగంగా చల్లార్చడమైతే చట్రాన్ని నాలుగు విడి కమ్మీలుగా చేసి, మూలల్లో కలపకుండా వదిలేయడం మేలు.

మీ ఫోటోలో థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగల జత) తొడుగు స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టంలా కనిపిస్తోంది, అది చట్రం వెనుక భాగానికి తాకుతోంది. దీన్ని వెంటనే మార్చండి. ఇనుమూ కార్బనూ తాకినచోట 1147 డిగ్రీలకే యుటెక్టిక్ ద్రవం (విడివిడిగా కరిగే వేడి కంటే తక్కువ వేడికే కరిగే మిశ్రమం) ఏర్పడుతుంది, నికెల్–కార్బన్‌కు ఆ హద్దు సుమారు 1327. ఒకసారి నేను పనిచేసిన పరీక్షశాలలో ఎవరో తీయడం మరిచిన ఒక చిన్న ఉక్కు బిగింపు, లోహం కరిగే ఉష్ణోగ్రతకు చాలా ముందే గ్రాఫైట్‌లోకి ఇంకి, కింద ఉన్న హీటరు రెండు కాళ్ల మధ్య బొట్టుగా పడి విద్యుత్ దారిని కలిపేసింది. పరీక్ష నమూనా, హీటరు, రెండు నెలల సమయం పోయాయి. ఆ బిగింపును పెట్టింది నేనే అయి ఉండవచ్చు. అప్పటి నుంచి గదిలోకి వెళ్లిన ప్రతి లోహపు ముక్కకూ లెక్క రాసి, తలుపు మూసేముందు బయటికి వచ్చినవి లెక్కపెడతాను.

ఆక్సైడ్ సిరామిక్‌లు సురక్షితమని అనుకోకండి. సిలికాను (సిలికాన్ ఆక్సైడ్‌ను) కార్బన్ సుమారు 1500 డిగ్రీల నుంచే సిలికాన్ మోనాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ వాయువులుగా మారుస్తుంది. శూన్యంలో ఇంకా ముందే. అల్యూమినా, జిర్కోనియా మరికొంత నిలబడతాయి కానీ శూన్యంలో వాటి హద్దులు కూడా కిందికి జరుగుతాయి. విద్యుత్ బంధకం కావలసినచోట, మీ 1600 డిగ్రీల ఆర్గాన్‌కు బోరాన్ నైట్రైడ్ నా ఎంపిక. ప్లాటినం థర్మోకపుల్‌లను కార్బన్ దగ్గర, మరీ ముఖ్యంగా సిలికాన్ కార్బైడ్ పూత దగ్గర పెట్టకండి. సిలికాన్ చేరిన ప్లాటినం 830 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. టంగ్‌స్టన్–రీనియం జత పరిధి 2300 డిగ్రీల వరకు ఉంటుంది, కానీ తీగ నేరుగా గ్రాఫైట్‌ను తాకితే కార్బైడ్‌గా మారి కొలత జరిగిపోతుంది, కనుక బోరాన్ నైట్రైడ్ తొడుగులో ఉంచండి. దానితో పాటు రెండు తరంగదైర్ఘ్యాల పైరోమీటరు (వెలువడే కాంతిని బట్టి ఉష్ణోగ్రత కొలిచే పరికరం) ఒకటి పెట్టండి. రెండూ ఒకే మాట చెప్పనంతవరకు ఏ ఒక్కదాన్నీ నమ్మవద్దు.

ఆర్గాన్ శుద్ధత గురించి మీరు ఆందోళన వ్యక్తం చేశారు. లెక్క వేసి చూద్దాం. పది లక్షల్లో 10 భాగాల ఆక్సిజన్ ఉన్న ఆర్గాన్‌ను నిమిషానికి 20 లీటర్ల చొప్పున గంటసేపు పంపితే లోపలికి వెళ్లే ఆక్సిజన్ 12 మిల్లీలీటర్లు. అదంతా కార్బన్ మోనాక్సైడ్‌గా మారినా పోయే కార్బన్ 12 మిల్లీగ్రాములు మాత్రమే. అదే కార్బన్ ఫెల్ట్ ఇన్సులేషన్‌లో ఒక గ్రాము తేమ దాగి ఉంటే అది 670 మిల్లీగ్రాముల కార్బన్‌ను తింటుంది. గ్రాఫైట్‌లో కూడా తెరిచి ఉన్న రంధ్రాలు పదో వంతు వరకు ఉంటాయి కనుక, తెరిచి ఉంచిన గది రాత్రంతా తేమను పీలుస్తుంది. కాబట్టి ఖరీదైన ఆర్గాన్ కంటే, ప్రతి పరీక్షకు ముందు గదిని శూన్యం చేసి 300 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఉంచడం ఎక్కువ మేలు చేస్తుంది. నష్టం కొద్దిగా ఉన్నా పట్టించుకోవాలి. బరువులో 10 శాతం ఆక్సీకరణలో పోతే గ్రాఫైట్ బలం దాదాపు సగానికి పడిపోతుంది. చేతి తొడుగులు లేకుండా భాగాలను ముట్టుకోవద్దు; చెమటలోని సోడియం, పొటాషియం లవణాలు ఆక్సీకరణకు ఉత్ప్రేరకాలు, అవి అంటినచోట వేలిముద్ర ఆకారంలోనే గుంటలు పడటం నేను చూశాను.

తరువాత గాలిలో పరీక్షిస్తామని, అప్పుడు సిలికాన్ కార్బైడ్ పూత వేయిస్తామని రాశారు. ఆ పూత ఫలకం కంటే ఎక్కువ వ్యాకోచిస్తుంది కనుక, పూత వేసిన వేడి నుంచి చల్లారేటప్పుడే దానిలో సన్నని పగుళ్లు పడతాయి. అది లోపం కాదు, అనివార్యం. మళ్లీ వేడెక్కితే ఆ పగుళ్లు మూసుకుంటాయి. అందువల్ల గాలిలో అత్యధిక ఉష్ణోగ్రత కంటే 500 నుంచి 1000 డిగ్రీల మధ్య కాలమే ఫలకానికి ఎక్కువ హాని చేయవచ్చు. కార్బన్ మండటానికి ఆ వేడి చాలు, పగుళ్లు మూసుకోవడానికి చాలదు. ఆ మధ్య పరిధికి బోరాన్ ఉన్న గాజు పొర వాడతారు, కానీ తేమ గాలిలో అది క్రమంగా ఆవిరవుతుంది. బోల్టు రంధ్రాల లోపలి గోడకు కూడా పూత చేరేలా, రంధ్రాలు తొలిచిన తరువాతే పూత వేయించండి. పూత వేశాక కూడా శుభ్రత తప్పదు: షటిల్ ఫలకాల పూతలో కనిపించిన సూది రంధ్రాలకు ప్రయోగ వేదిక రంగులోని జింక్, వానతో కొట్టుకొచ్చి ఫలకాల మీద చేరడం కారణమని తేలింది.

కొత్త చట్రం వచ్చాక వెంటనే 1600కు వెళ్లకండి. ముందు రేకులు, బోల్టులు అన్నీ పెట్టి కూర్చి, ప్రతి గాడిలో బోల్టు చేతితో కదిపితే కదులుతుందా అని చూడండి. ప్రతి భాగాన్నీ విడిగా తూకం వేసి రాసుకోండి, రంధ్రాల మధ్య దూరాలు కొలవండి, చట్రాన్ని దారంతో వేలాడదీసి మెల్లగా తట్టి ధ్వని వినండి. పగులు లేని గ్రాఫైట్ గంటలా మోగుతుంది, పగిలినది మొద్దుగా పలుకుతుంది. మొదటి కూర్పులో ఖరీదైన ఫలకానికి బదులు అదే మందం పలక ముక్క పెట్టి 800 డిగ్రీల వరకు వెళ్లి, చల్లార్చి, విప్పి, మళ్లీ అన్నీ కొలవండి. తరువాత 1200, ఆ తరువాత 1600. పెద్ద సంస్థలు కూడా మెట్లు మెట్లుగానే వెళతాయి: ఇస్రో పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ కోసం చేసిన కార్బన్–కార్బన్ నాజిల్ విస్తరణ భాగాన్ని 2024 మార్చిలో 60 సెకన్లు మండించి చూసి, ఏప్రిల్‌లో 200 సెకన్లకు వెళ్లింది; అప్పుడు నమోదైన 1216 కెల్విన్ ముందుగా వేసిన ఉష్ణ అంచనాలకు సరిపోలింది. మీ 800 డిగ్రీల పరీక్షలో కూడా కొలిచిన ఉష్ణోగ్రత తేడాలు మీ లెక్కకు సరిపోవాలి. సరిపోకపోతే పై మెట్టు ఎక్కేముందు లెక్కను సరిదిద్దండి.

చివరగా, బోల్టులను ఎంత టార్క్‌తో బిగించాలన్న మీ ప్రశ్న. కొత్త అమరికలో టార్క్ రెంచ్ అవసరం లేదు. నట్టును వేళ్లతో ఆనేవరకు తిప్పి, రేకు కొద్దిగా నలిగేలా పావు చుట్టు తిప్పి ఆపండి, అది విప్పుకోకుండా పక్కనుంచి సన్నని గ్రాఫైట్ సీల గుచ్చండి. చల్లారిన తరువాత నట్టు కొద్దిగా వదులుగా కనిపించినా మళ్లీ బిగించవద్దు. వదులు ఎంత వచ్చిందో కొలిచి రాసుకోండి. నాలుగు పరీక్షల తరువాత కూడా ఆ అంకె పెరగకుండా ఉంటే మర పళ్లు నలగడం లేదన్నమాట. పెరుగుతూ ఉంటే మూడు రేకుల చోట నాలుగు వేసి, ఆ బోల్టు రంధ్రంలోని ఖాళీ ఏ వైపున ఉందో ఇంకోసారి చూడండి.